ఖాళీ డబ్బీలో వెలుగు

కుట్టుమిషను పక్కనుంచి

మా పిచ్చుకకు,

ముందు నీ కళ్ళు ఎలా ఉన్నాయో రాయి, మిగతావి తర్వాత.

యూనివర్సిటీలో పరిశోధన అంటే పుస్తకాలు చదువుకోవడమే అనుకుని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు చూస్తే, కిటికీలు లేని చీకటి గదిలో, కంటికి కనపడని వెలుగును పొడుల మీద వేసి, అవి వెలుగుతాయా లేదా అని చూస్తున్నానని రాశావు. కనపడని వెలుగేమిటే? కనపడకపోతే దాన్ని చీకటి అనాలిగా! మీ పెదనాన్నను అడిగితే, "నేను బస్సు నడిపినన్నాళ్ళూ ఎదురొచ్చే లారీ లైట్లకే నా కళ్ళు పోయాయి, కనపడని లైటైతే నయమేగా" అన్నారు. ఆయనకన్నీ వేళాకోళాలే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా ఇంట్లో కీడెంచే పనంతా నా మీదే పడింది.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నీ మాట సగమే వినపడుతుంది. మిగతా సగం నేను ఊహించుకుని భయపడతాను. కాగితం మీదైతే, ఉన్నదానికే భయపడొచ్చు.

నీ ఉత్తరంలో నాకు బాగా అర్థమైన ముక్క ఒకటుంది. మీ మిషనుకు దుమ్ము పడదన్నావు. దుమ్ము సంగతి నాకు చెప్పాలా? మన ఇంట్లో టీవీకి ముసుగుంది, మిక్సీకుంది, గోడగడియారానికుంది, తలుపు వెనక గొడుక్కి కూడా ఉంది. మొన్న మీ పెదనాన్న కునుకు తీస్తుంటే దుప్పటి కప్పబోయాను. "నాకూ కుట్టేశావా?" అని ఉలిక్కిపడి లేచారు. అందుకని మీ మిషనుకు కూడా ఒక ముసుగు కుట్టాను. పాత ట్రంకుపెట్టె అంత ఉంటుందని నువ్వు ఒకసారి అన్నావు కదా, ఆ కొలతే పెట్టాను. కొత్త తెల్ల గుడ్డ. పాలనురగలా తెల్లగా వచ్చేదాకా ఉతికాను. మూలన ఎర్రదారంతో పిచ్చుకను కుట్టాను, నీదని తెలియాలి కదా, ఎవరైనా ఎత్తుకుపోతారేమో. మిగిలిన గుడ్డతో చేతిరుమాళ్ళు కూడా కుట్టి పెట్టాను.

ఇంకో మాట. మన వీధి చివర బడిలో సైన్సు టీచరమ్మ మానేస్తోంది. హెడ్మిస్ట్రెస్‌కు బట్టలు కుట్టేది నేనే కదా, కొలతలు తీసుకుంటూ నీ మాట కదిపాను. చేతిలో టేపు ఉన్నప్పుడు ఎవరైనా కదలకుండా వింటారు. ఎండాకాలం సెలవుల దాకా ఆగుతానంది. పగటి వెలుతురులో ఉద్యోగం, సాయంత్రానికి ఇల్లు. ఆలోచించు తల్లీ. మీ అమ్మ పోతూ పోతూ నిన్ను నా చేతుల్లో పెట్టిందని మరిచిపోకు. నేనెలాగూ మరిచిపోలేను.

మీ పెద్దమ్మ

తా.క. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడు.


ప్రయోగశాల, కిటికీలు లేని గది

పెద్దమ్మా,

కళ్ళు బాగున్నాయి. ముందు అదే రాయమన్నావు కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను: రెండూ బాగున్నాయి. ఆ దీపం మూత ఉన్న పెట్టెలో ఉంటుంది. పైగా నేను కళ్ళద్దాలు పెట్టుకుంటాను.

ఎండలో తిరిగితే నీ చర్మం కమిలిపోతుంది కదా, అలా కమిలించేది నీ కంటికి ఎప్పుడైనా కనపడిందా? నేను వాడేది అలాంటి వెలుగే. కొన్ని పదార్థాలు దాన్ని తాగి, కనపడే వెలుగుగా మార్చి వదులుతాయి. నేను తయారుచేసే పొడి అలా నీలం వెలుగు వదలాలని మా సారు లెక్క. లెక్క వేయడం ఆయన వంతు, వెలిగించి చూపడం నా వంతు. డాక్టరేటు పట్టాకు నా పని అదే. ఇన్నేళ్ళుగా అది వెలగలేదు. వచ్చే ఎండాకాలంతో నా గడువు తీరిపోతుంది. అందుకే ఈ ఆరాటం.

ముసుగు కొలిచి కుట్టినట్టే సరిపోయింది. మా సీనియర్ చూసి, "ఏమిటి, మిషనుకు చలేస్తోందా?" అన్నాడు. సారు మాత్రం అంచు పట్టుకుని చూసి, కుట్టు బాగుందన్నారు. రుమాళ్ళు మరీ అక్కరకొచ్చాయి. పొడి పెట్టే చిన్న గాజుడబ్బీలను తుడవడానికి మాకు ప్రత్యేకమైన కాగితం ఉంటుంది. అది అయిపోయి చాలా రోజులైంది. ఆఫీసువాళ్ళు ఇదిగో అదిగో అంటున్నారు. ఇప్పుడు నీ రుమాళ్ళతోనే తుడుస్తున్నాను. అవి ముట్టుకుంటే ఇంట్లో ఉన్నట్టుంటుంది.

వారానికోసారి కొత్తగా చేరిన పిల్లలకు ప్రయోగాల క్లాసు కూడా చెబుతున్నాను. మొదటిరోజు నేను చెప్పే పాఠం ఒకటే. పొడి పెట్టే ముందు ఖాళీ డబ్బీని కొలవండి. లేకపోతే డబ్బీ చెప్పిన మాట పొడి చెప్పిందనుకుని మోసపోతారు. పిల్లలు నవ్వుతారు. నవ్వితే గుర్తుంటుంది.

హెడ్మిస్ట్రెస్‌కు బట్టలు కుట్టు పెద్దమ్మా, నా ఉద్యోగం కుట్టకు.

నీ పిచ్చుక


కుట్టుమిషను పక్కనుంచి

పిచ్చుకా,

గడువు తీరిపోతుందని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నావు. తీరితే ఏమవుతుందో రాయలేదు. రాయలేదంటే మంచిది కాదని అర్థం.

మీ పెదనాన్నకు పొడి సంగతి చదివి వినిపించాను. "ఇన్నేళ్ళుగా వెలగని పొడిని పట్టుకు వేలాడుతోందంటే, దానిది అచ్చం నీ పోలికే. నువ్వూ నన్ను ఇంతకాలంగా బాగుచేద్దామని చూస్తున్నావుగా" అన్నారు. నాకు నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది.

మొండిగా ఉండొద్దని చెబుదామని కలం పట్టాను. కానీ, ఎన్నాళ్ళ నుంచో వెలగనిదాన్ని రోజూ వెళ్ళి చూసి వస్తున్నావంటే, నీకు అది వెలుగుతుందన్న నమ్మకం ఉండాలి. వెలగనీ. వెలిగితే చెప్పు. వెలక్కపోతే బడి ఉంది. బడి ఉందన్నది మాత్రం మరిచిపోకు.

ఆ సీనియర్ అబ్బాయితో గొడవ పెట్టుకోకు. మన మిషను, మన ముసుగు, అతనేమంటే ఏం?

మీ పెద్దమ్మ


ప్రయోగశాల, అదే గది, కానీ ఈ రోజు అదే గదిలా లేదు

పెద్దమ్మా, పెదనాన్నా,

వెలిగింది!

నీలం. చాలా సన్నగా, కానీ ఉంది. తెరమీద గీత, సారు లెక్క వేసిన చోటుకు దగ్గరలోనే గుట్టలా పైకి లేచింది. దీపం ఆపితే పడిపోయింది. మళ్ళీ వేస్తే లేచింది. కొత్తగా పొడి చేసి పెట్టినా లేచింది. సారును పిలిచాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ గీతనే చూస్తూ ఉండిపోయారు. చివరికి, "టీ తాగావా?" అని అడిగారు. ఆయన అలా అడగడం నేనెప్పుడూ వినలేదు.

వచ్చే నెల పెద్ద సభ ఉంది. అక్కడ సారు దీని గురించి మాట్లాడతారు. వ్యాసం రాయడం మొదలుపెట్టమన్నారు. సీనియర్ కూడా వచ్చి చెయ్యి కలిపాడు.

బడివాళ్ళకు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పు.

మీ పిచ్చుక


కుట్టుమిషను పక్కనుంచి

నా తల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగాను. ఇస్త్రీ బండి అతనికి చెప్పాను, ఎదురింటి నర్సుకు చెప్పాను, మందుల షాపులో కూడా చెప్పాను. "ఏం వెలిగింది?" అని అడిగారు. "అది మీకు అర్థం కాదులెండి" అన్నాను. నాకు అర్థమైనట్టు!

హెడ్మిస్ట్రెస్‌కు మాత్రం ఇంకా చెప్పలేదు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నీ మాట మీద నమ్మకం లేక కాదు, నాకు దేనిమీదా నమ్మకం ఉండదని నీకు తెలుసుగా. సభ అయ్యేదాకా ఆగుతాను.

సన్నగా వెలిగిందన్నావు. సన్నగా ఎందుకు? లావుగా వెలగకూడదా?

మీ పెద్దమ్మ


హాస్టల్ గది

పెద్దమ్మా,

బాగున్నాను. ఒక్క విషయం కాస్త తొందరగా చెప్పు. నువ్వు పంపిన ముసుగును, రుమాళ్ళను దేనితో ఉతికావు? ఏ సబ్బు, ఏ పొడి, నీళ్ళలో ఇంకేమైనా కలిపావా?

ఊరికే అడుగుతున్నాను.

పిచ్చుక


కుట్టుమిషను పక్కనుంచి

పిచ్చుకా,

ఊరికే అడిగేవాళ్ళు తొందరగా చెప్పమని అడగరు. ఏమైంది? చేతులకు దద్దుర్లు వచ్చాయా? ముఖం తుడుచుకున్నావా దానితో? నర్సును అడిగాను, చల్లని నీళ్ళతో కడుక్కోమంది. ముందు కడుక్కుని తర్వాత చదువు.

మామూలు బట్టల సబ్బుతోనే ఉతికాను. కాకపోతే కొత్త గుడ్డ కదా, కాస్త పసుపుగా కనపడింది. సార్లు, పెద్ద చదువుల వాళ్ళు చూసేదని, తెల్లబట్టలకు వేసే పొడి ఉంటుంది కదా, ఆ నీలం పొట్లంలోది, అది వేశాను. ఒకసారి వేస్తే నా కంటికి ఆనలేదు, ఇంకోసారి వేశాను. షాపువాడు కొంచెం చాలన్నాడు. నేను పొట్లమంతా వంపేశాను. రుమాళ్ళు కూడా అందులోనే ముంచాను. తెల్లగా రావాలనే తప్ప ఇంకేమీ లేదు తల్లీ.

నీ ఉత్తరంలో నవ్వు లేదు. పెదనాన్న కబురు అడగలేదు. కిందటి ఉత్తరంలో ఉన్న పిల్ల ఈ ఉత్తరం రాయలేదు. నా గుడ్డ వల్ల ఏదో అయింది, నువ్వు నాకు చెప్పడం లేదు. చెప్పకపోతే నేను ఇంతకంటే పెద్దది ఊహించుకుంటాను, నాకు చేతనైన పని అదొక్కటే. మిషను కాలిపోయిందా? గదికి నిప్పంటుకుందా? నీకేమైనా అయిందా?

ఉన్నదున్నట్టు రాయి.

మీ పెద్దమ్మ


ప్రయోగశాల

పెద్దమ్మా,

ఏదీ కాలలేదు. నాకేమీ కాలేదు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. నీకు చెప్పకుండా దాచుదామనుకున్నాను. నువ్వు దాచనివ్వవు కదా, ఇదిగో.

వ్యాసానికి మంచి బొమ్మ కావాలని, ఇంకోసారి కొలుద్దామని కూర్చున్నాను. డబ్బీ తుడిచి మిషనులో పెట్టాను, దీపం వేశాను. నీలం గుట్ట లేచింది. ఎప్పటికంటే బాగా లేచింది. డబ్బీ బయటికి తీస్తే ఖాళీగా ఉంది. అందులో పొడి వేయడమే మరిచిపోయాను.

తర్వాత గదిలో లైటు ఆపి, ఆ దీపాన్ని నీ ముసుగు మీద వేశాను. ముసుగు మొత్తం నీలంగా వెలిగింది పెద్దమ్మా. మూలన నీ ఎర్రదారం పిచ్చుక ఒక్కటే నల్లగా కనపడింది. నువ్వు వేసిన ఆ పొడి మురికిని వదలగొట్టదు. కనపడని వెలుగును తాగి నీలం వెలుగును వదులుతుంది. అందుకే బట్ట అంత తెల్లగా కనపడుతుంది. నా పొడిలో నేనింతకాలం వెతికిన గుణం నీ గుడ్డలో ఉంది. కొత్త గుడ్డ నూగు గాజుకు అంటుకుంది. నేను ప్రతిసారీ కొలిచింది ఆ నూగునే.

ఇది నీ తప్పు కాదు. ఈ మాట రెండోసారి చదువు. ఖాళీ డబ్బీని ప్రతిసారీ కొలవమని పిల్లలకు పాఠం చెప్పే నేను, రుమాళ్ళు రాకముందెప్పుడో కొలిచిన ఖాళీ డబ్బీతోనే సరిపెట్టుకున్నాను. దేంతో తుడిస్తే ఏముందిలే అనుకున్నాను. ఇంటి గుడ్డ మీద నాకు అనుమానమే రాలేదు.

సారు గదికి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, నా చేతిలోని రుమాలు తీసుకుని తుడుచుకున్నారు. తుడుచుకున్నాక దానికేసి చూసి పక్కన పెట్టేశారు.

"ఎంతమందికి తెలుసు?" అన్నారు.

"నాకూ మీకూ" అన్నాను.

"రేపటికి అందరికీ తెలియాలి. సెమినార్లో నువ్వే చెప్పు. నేను చెబితే నీ తప్పవుతుంది, నువ్వు చెబితే నీ పనవుతుంది."

చెప్పాను. ముసుగు తీసుకెళ్ళి, గది చీకటి చేసి, వెలిగించి చూపించాను. ఒకరిద్దరు నవ్వారు. సీనియర్ అందరి ముందూ, "వ్యాసంలో మీ పెద్దమ్మ పేరు కూడా వేద్దామా?" అన్నాడు. నా మీద ఎన్ని జోకులైనా వేసుకోనీ, నీ మీద పడేసరికి తట్టుకోలేకపోయాను.

సభలో చెప్పాల్సిన మాటను సారు వెనక్కి తీసుకున్నారు. ముసుగు వచ్చాక చేసిన పనంతా పనికిరాదు. మళ్ళీ మొదలుపెట్టాలంటే గడువు పెంచమని కమిటీ ముందు నిలబడి అడగాలి. పెంచుతారో లేదో ఎవరికీ తెలియదు. పెంచినా ఆ పొడి వెలుగుతుందని ఇప్పుడు నాకే నమ్మకం లేదు.

అలిసిపోయాను పెద్దమ్మా. హెడ్మిస్ట్రెస్‌కు వస్తున్నానని చెప్పు. నీ మాటే నిజమైంది, పగటి వెలుతురులో ఉద్యోగం.

పిచ్చుక


కుట్టుమిషను పక్కనుంచి

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కాసేపే. మీ పెదనాన్న మంచినీళ్ళిచ్చి, "ఇంటికి రమ్మని రాయి, పిల్ల నలిగిపోతోంది" అన్నారు. ఆయన ఎన్నడూ అనని మాట అది. ఇన్నాళ్ళుగా నేనంటున్న మాట.

చెప్పులేసుకుని బడికి వెళ్ళాను. ఆయన తోడు వస్తానంటే వద్దన్నాను. హెడ్మిస్ట్రెస్ నన్ను చూసి, "మీ అమ్మాయి వస్తోందా? కాగితాలు సిద్ధం చేయమంటారా?" అంది.

"మా పిల్ల రాదండీ" అన్నాను.

"మళ్ళీ అడిగితే ఉండదమ్మా, చూసుకోండి" అంది.

"ఉండదని తెలిసే చెబుతున్నానండీ" అన్నాను.

అని బయటికొచ్చాను. గేటు పట్టుకుని నిలబడ్డాను. ఏం చేశాను దేవుడా అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ వెనక్కి వెళ్ళలేదు.

ఎందుకంటావా? నువ్వు గెలిచి వస్తానంటే తలుపు తీసేదాన్ని. విసిగిపోయి వస్తానన్నా తీసేదాన్నేమో. తలదించుకుని వస్తానన్నావు. అలా వచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉండరు. నాకది తెలుసు. రేపు ఆ బడిలో, డబ్బీని ఖాళీగా కొలవమని పిల్లలకు చెప్పాల్సి వస్తే నీ నోరు పెగులుతుందా?

చంక దగ్గర కుట్టు వంకర పోతే నేను విప్పి మళ్ళీ కుడతాను. విప్పేటప్పుడు ఏడుపొస్తుంది, కుట్టేటప్పటికంటే విప్పేందుకే ఎక్కువసేపు పడుతుంది. కానీ ఎవరైనా మిషను అమ్ముకుంటారుటే?

కమిటీ అంటే భయమా? తలుపు గడియ వేశానో లేదోనని వీధి చివర నుంచి వెనక్కొచ్చి చూసుకునే దాన్ని నేను. నేనే వెళ్ళి చేతికందిన ఉద్యోగాన్ని వద్దని వచ్చాను. నువ్వు వెళ్ళి గడువు అడగలేవా? అడుగు. లేదంటే మళ్ళీ అడుగు. భయపడటం నా పని, అది నేను చూసుకుంటాను. నీ పని నువ్వు చూసుకో.

పొట్లమంతా వంపింది నేనే. నా తప్పు కాదని రెండోసారి చదవమన్నావు, చదివాను. మూడోసారి కూడా చదివాను. నమ్మడం కుదరలేదు గానీ, నువ్వలా రాసినందుకు బాగుంది.

ఆ సీనియర్‌తో చెప్పు, పేరు వేస్తే పూర్తిపేరు వేయమని.

ఇంటికి రాకు, పని అయ్యేదాకా.

మీ పెద్దమ్మ

తా.క. అన్నం మాత్రం వేళకు తిను. ఇంటికి రావద్దన్నానని తిండి మానెయ్యమనలేదు.


ప్రయోగశాల

పెద్దమ్మా,

ఇన్ని నెలలూ పొట్టి పొట్టి ఉత్తరాలే రాశానని కోపంగా ఉన్నావు. ఇది పెద్దది.

నీ ఉత్తరం వచ్చాక కమిటీ ముందు నిలబడ్డాను. అందులో ఒక పెద్దాయన, "మళ్ళీ చేసినా పొడి వెలగకపోతే ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. "వెలగదని రాస్తానండీ. తాగిన వెలుగు ఎటు పోతోందో కూడా కొలిచి రాస్తాను" అన్నాను. గడువు ఇచ్చారు. కోరినంత ఇవ్వలేదు, కానీ ఇచ్చారు.

మళ్ళీ మొదటి నుంచి చేశాను. ప్రతి కొలతకూ ముందు ఖాళీ డబ్బీ. కొత్త డబ్బీలు, కొత్త కాగితం. పొడి వెలగలేదు. ఈసారి ఆశ చంపుకుని చెప్పడం కాదు, కొలిచి చెబుతున్నాను. అది కనపడని వెలుగును బాగానే తాగుతుంది. కానీ తిరిగి వెలుగుగా వదలదు, లోలోపల వేడిగా మార్చేసుకుంటుంది. ఎంత తాగితే ఎంత వేడెక్కుతుందో కొలిచాను. సారు లెక్కలో ఎక్కడ ఒక దారి వదిలేశారో అందులో తేలింది. ఆయన చూసి, "నా లెక్క తప్పని నా విద్యార్థే చూపించింది, ఇక నేను ధైర్యంగా రిటైర్ కావచ్చు" అన్నారు. వ్యాసం అచ్చుకు వెళ్ళింది.

నిన్న నా చివరి పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన ఆవిడ నన్ను కూర్చోబెట్టి చాలాసేపు గుచ్చి గుచ్చి అడిగారు. చివరి ప్రశ్న, "మొదట వచ్చిన నీలం వెలుగు సంగతి నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు, ఎందుకు రాశావు?" అని. "రాయకపోతే ఇంకెవరో ఇంకో గుడ్డతో తుడుస్తారండీ" అన్నాను. ఆవిడ కలం మూసేశారు.

పట్టా వచ్చింది పెద్దమ్మా. పని అయింది. ఇంటికి వస్తున్నాను. తల ఎత్తుకునే వస్తున్నాను, తలుపు తియ్యి. కానీ సెలవులకే. ఇక్కడే కొత్త పిల్లల ప్రయోగశాల నన్ను చూసుకోమన్నారు. మొదటి క్లాసులో ఇక మీదట నోటిమాటలుండవు. లైట్లాపి, నీ ముసుగు మీద దీపం వేస్తాను. ముసుగు మొత్తం నీలంగా వెలుగుతుంది, పిచ్చుక నల్లగా ఉంటుంది. అప్పుడు చెబుతాను, ఖాళీ డబ్బీ ఎందుకు కొలవాలో. ఆ ముసుగుకు అద్దాల బీరువాలో చోటిచ్చారు. తీసుకెళ్ళి పెట్టింది సీనియరే.

నీ పిచ్చుక


కుట్టుమిషను పక్కనుంచి

నా తల్లీ,

మీ పెదనాన్నకు చదివి వినిపించాను. వెలుగు తాగి లోలోపలే వేడెక్కుతుందన్న చోట, "ఆగాగు, అది పొడి సంగతేనా, నీ సంగతా?" అన్నారు. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. లారీ లైట్ల వల్ల అన్నారు. పట్టపగలు లారీ లైట్లేమిటో!

వీధిలో ఈసారి ఎవరికీ చెప్పలేదు. నువ్వొచ్చాక నువ్వే చెప్పు. నీ మంచం మీద ముసుగు తీసి దులిపాను. రైలు దిగేటప్పుడు పూర్తిగా ఆగాకే దిగు.

ఒక్కటే దిగులు. ఆ పిచ్చుక ఎడమ రెక్క కాస్త వంకర పోయింది. ఆ రోజు పోస్టు వేళ దాటిపోతుందని విప్పకుండా పంపేశాను. పిల్లలకు చూపించేటప్పుడు ఆ మూల లోపలికి మడిచిపెట్టు.

వద్దులే. చూడనీ.

మీ పెద్దమ్మ